పాటకు నామినీ ఎవరు?

2006 ఏప్రిల్ మొదటి వారం. గుంటూరులో మా హాస్టల్ టీవీ గదిలో నలభై మందిమి ఒకరి మీద ఒకరం పడి కూర్చున్నాం. రెసిల్‌మేనియా కుస్తీ పోటీలు వస్తున్నాయి. ముసుగు వీరుడు రే మిస్టీరియో బరిలోకి రావాలి. మామూలుగా అయితే రికార్డు వేస్తారు. ఆ రోజు ఒక బ్యాండు అక్కడే నిలబడి పాడింది. జడలు కట్టిన జుట్టున్న గాయకుడు మైకు నోటికి ఆనించుకుని గబగబా మాటలు విసురుతుంటే వెనక గిటారు ఉరిమింది. మాటలు మాకెవరికీ అందలేదు. ‘సిక్స్ వన్ నైన్’ అన్న మూడంకెలు మాత్రం గదంతా కలిసి అరిచాం. ఆ పోటీలో మిస్టీరియో ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

619 అంటే అమెరికాలో శాన్ డియేగో ఫోన్ కోడ్. మన గుంటూరుకి 0863 ఎలాగో అలాగ. మిస్టీరియోదీ ఆ ప్రాంతమే, పాడినవాళ్ళదీ ఆ ప్రాంతమే. ఆ బ్యాండు పేరు పీఓడీ. వాళ్ళు ర్యాప్‌నీ రాక్‌నీ కలిపి పాడే క్రైస్తవులని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికే నేను మా సంఘంలో ఆదివారం ఆరాధనకి డోలక్ వాయిస్తున్నాను. ఇప్పటికీ వాయిస్తున్నాను. భక్తి పాట ఎలా కట్టాలో సగం మా పెద్దల దగ్గర నేర్చుకున్నాను, మిగతా సగం వీళ్ళ పాటలు విని నేర్చుకున్నాను.

పీఓడీ అంటే ‘పేయబుల్ ఆన్ డెత్’. అది బ్యాంకు మాట. ఖాతాదారు చనిపోయాక డబ్బు ఎవరికి చెల్లించాలో ముందే రాసిపెట్టే ఏర్పాటు. మన వాడుకలో చెప్పాలంటే నామినీ. డ్రమ్మర్ వవ్ బెర్నార్డో స్నేహితురాలు అప్పట్లో బ్యాంకులో పనిచేసేది. ఆమె నోట విన్న మాటే బ్యాండుకి పేరైంది. క్రీస్తు మరణంతో తమ అప్పు తీరిందన్న నమ్మకం వాళ్ళకి ఆ మాటలో దొరికింది.

ఆ పేరు లోతు నాకు తెలిసింది మాత్రం తెనాలిలో ఒక బ్యాంకు కౌంటర్ ముందు. నాన్న పోయిన నెలకి అమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాను. మరణ ధ్రువీకరణ పత్రం, పాస్‌బుక్కు అమ్మ ఒళ్ళో ఉన్నాయి. కౌంటర్‌లో ఉన్నాయన కంప్యూటర్ చూసి, “నామినీ మీరేనమ్మా, ఇక్కడ సంతకం పెట్టండి” అన్నారు. అమ్మ పెన్ను పట్టుకుని ఆగిపోయింది. “ఎప్పుడు రాయించారో, నాకు చెప్పనేలేదు” అంది. ఖాతా తెరిచిన రోజే నాన్న ఆమె పేరు రాయించారు. అందులో ఉన్నది పద్నాలుగు వేలు. ఇంటికొచ్చేదాకా అమ్మ ఆ డబ్బు ఊసెత్తలేదు. పేరు రాయించారన్న మాటే బస్సులో రెండుసార్లు చెప్పుకుంది.

అప్పట్నుంచి ఏ పాట కట్టబోయినా నన్ను ఒకే ప్రశ్న పట్టుకుంటుంది. దీనికి నామినీ ఎవరు? మన నోటి నుంచి వెళ్ళాక ఇది ఎవరి చేతికి అందాలి?

పీఓడీ నడిచొచ్చిన దారిలో ఈ ప్రశ్నకి జవాబు నాకు మళ్ళీ మళ్ళీ కనిపించింది. శాన్ డియేగోకి దక్షిణాన, మెక్సికో సరిహద్దుకి దగ్గరగా ఉన్న పేటల్ని వాళ్ళు సౌత్‌టౌన్ అంటారు. అక్కడ వవ్, గిటారిస్టు మార్కోస్ కురియెల్ కలిసి వాయించుకునేవారు. వవ్‌కి వరసకి సోదరుడైన సన్నీ సాండోవల్ తల్లి లుకేమియాతో చనిపోయింది. ఆ దుఃఖంలో, ఆమె నమ్మిన దేవుణ్ణి అతను కూడా పట్టుకున్నాడు. వవ్ అతన్ని పాడమని పిలిచాడు. అలా 1992లో బ్యాండు నిలబడింది. కొంతకాలానికి బేస్ గిటారుకి ట్రా డేనియల్స్ వచ్చాడు. తొలి ఆల్బమ్‌లు, 1994లో ‘స్నఫ్ ద పంక్’, 1996లో ‘బ్రౌన్’, వవ్ తండ్రి నడిపిన రెస్క్యూ రికార్డ్స్ అనే చిన్న సంస్థ నుంచి వచ్చాయి. ర్యాప్, మెటల్, రెగే ఆ కుర్రాళ్ళు చిన్నప్పట్నుంచి వింటున్న సంగీతాలే. వాటితోనే ప్రార్థన చేశారు.

ఇది మనకి కొత్తేమీ కాదు. కొన్నేళ్ళ కిందట మా యవ్వనస్థుల కూడికలో కుర్రాళ్ళు ఒక ర్యాప్ పాట పాడతామన్నారు. సంఘ పెద్ద ఒకాయన నన్ను పక్కకి పిలిచి, “దేవుని పాటకి ఈ గోల దేనికి బాబూ?” అన్నారు. ఆయన చేతిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంది. “తాతగారూ, ఒకసారి తెరవండి” అన్నాను. పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉన్నాయి. శంకరాభరణం, ఆది తాళం. 1803లో పుట్టి 1890 దాకా బతికిన పురుషోత్తమ చౌదరి గారు కీర్తనలు కట్టేటప్పుడు ఇంగ్లీషు దొరల బాణీ కోసం చూడలేదు. మన జనం చెవికి అలవాటైన రాగాలు, తాళాలు తీసుకున్నారు. అందుకే ఆ పాటలు మన నాలుక మీద ఇంకా ఉన్నాయి. తాతగారు ఆ పేజీ కాసేపు చూసి పుస్తకం మూశారు. “మా చిన్నప్పుడు హార్మోనియం పెట్టెకి కూడా ఇదే మాట అన్నార్లే. పాడనీ” అన్నారు.

1998లో పీఓడీని అట్లాంటిక్ రికార్డ్స్ తీసుకుంది. మరుసటి ఏడాది వచ్చిన ‘ద ఫండమెంటల్ ఎలిమెంట్స్ ఆఫ్ సౌత్‌టౌన్’ అమెరికాలో పది లక్షలు దాటి అమ్ముడైంది. 2000లో హెవీ మెటల్ గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ పేరు మీద జరిగిన ఓజ్‌ఫెస్ట్‌లో వాయించారు. భక్తులకి ఆ వేదిక మీద ఏం పనని ఆక్షేపించినవాళ్ళున్నారు. ఆ మైదానంలో నిలబడ్డ కుర్రాళ్ళలో ఆదివారం ఏ గుడికీ వెళ్ళనివాళ్ళు ఎంతమందో ఆలోచిస్తే వాళ్ళు అక్కడికెందుకు వెళ్ళారో అర్థమవుతుంది.

తర్వాతి ఆల్బమ్ ‘శాటిలైట్’ 2001 సెప్టెంబర్ 11న షాపుల్లోకి వచ్చింది. న్యూయార్క్‌లో జంట భవనాలు కూలిన రోజే. బతికి ఉన్నందుకు కృతజ్ఞత చెప్పే ‘అలైవ్’ అప్పటికే జనంలో ఉంది. ఆ వారం తర్వాత దాన్ని అమెరికా ఇంకో చెవితో విన్నది. అదే ఆల్బమ్‌లోని ‘బూమ్’ పేరు మాత్రం, ఆ రోజుల్లో ఒక పెద్ద రేడియో సంస్థలో తిరిగిన ‘ఇప్పుడు వేయకపోతే మేలు’ అనే పాటల జాబితాలోకి ఎక్కింది. ఒకే చేత్తో కట్టిన రెండు పాటలు, ఒకే వారంలో రెండు దారులు. ‘శాటిలైట్’ అమెరికాలోనే ముప్పై లక్షలు దాటింది. గ్రామీ నామినేషన్లు వచ్చాయి, అవార్డు రాలేదు.

ఆ ఆల్బమ్‌లో నేను పదే పదే వినే పాట ‘యూత్ ఆఫ్ ద నేషన్’. 2001 మార్చి 5న శాన్ డియేగో పక్కనున్న శాంటీ ఊళ్ళో, శాంటానా హైస్కూల్లో పదిహేనేళ్ళ విద్యార్థి తుపాకీ పేల్చాడు. ఇద్దరు పిల్లలు చనిపోయారు, పదమూడు మంది గాయపడ్డారు. బ్యాండు ఆ రోజుల్లో అక్కడికి దగ్గర్లోనే కొత్త పాటలు కడుతోంది. ఆ దుఃఖం వాళ్ళ గదిలోకి వచ్చింది.

డోలక్ వాయించేవాడిగా ఆ పాటలో నేను మొదట వినేది డ్రమ్ము. కవాతు నడకలాగా ఒకే దరువు, తొందర లేదు, మెరుపుల్లేవు. గిటారు అదుపులో ఉంటుంది. సన్నీ అరవడు, పక్కన కూర్చుని చెబుతున్నట్టు చెబుతాడు. బడికి బయల్దేరి ప్రాణం పోగొట్టుకున్న పిల్లాడు, తండ్రి వదిలేసిన పన్నెండేళ్ళ అమ్మాయి, ఎవరూ కలుపుకోని కుర్రాడు. ఒక్కొక్కరికీ కొన్ని వాక్యాలు. పల్లవి దగ్గరికొచ్చేసరికి చిన్నపిల్లల బృందం గొంతు కలుపుతుంది. దేవుడి పేరు పాటలో ఎక్కడా రాదు. సువార్తలోని ఒక సామెత నీడ మాత్రం కనిపిస్తుంది. చివరికి ఓదార్పు కూడా ఇవ్వరు. తప్పెవరిదని అడిగి, బతుకంటే ఇంతేనా, ఇంకేదో ఉండాలి కదా అన్న ఆరాటం దగ్గర ఆపేస్తారు. బోధించే హక్కు తమకి ఉందనుకున్నవాళ్ళు అలా ఆపలేరు. ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చున్నవాళ్ళే ఆపగలరు.

ఇది నాకు పాటలో కంటే ముందు మా వీధిలో అర్థమై ఉండాల్సింది. మా సంఘంలో ఇంటర్ రెండో సంవత్సరం కుర్రాడు ఒకడు ఆదివారం నా పక్కన ప్యాడ్స్ వాయించేవాడు. పాట మధ్యలో లయ ఎక్కడైనా జారితే నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేసేవాడు. ఫలితాలు వచ్చిన వారంలో మేం వాణ్ణి పోగొట్టుకున్నాం. భూస్థాపన రోజున వాడి క్లాసు పిల్లలు ముప్పై మంది దాకా కాలేజీ యూనిఫాంలోనే వచ్చారు. సమాధుల తోట గేటు దాటి లోపలికి రావచ్చో రాకూడదో తెలియక అక్కడే నిలబడ్డారు. మేం ఎప్పుడూ పాడే పరలోకపు పాటలు పాడాం. ఆ పాటల్లో తప్పు లేదు. వాటితో మా అమ్మమ్మల్ని సాగనంపాం, నాన్నని సాగనంపాను. కానీ గేటు దగ్గరున్న పిల్లలకి ఒక్క మాటా అందలేదు. అంతా అయ్యాక ఒకడు నా దగ్గరికొచ్చి, “అన్నా, మావాడి గురించి పాటేం లేదా?” అన్నాడు.

నా దగ్గర లేదు. పాతికేళ్ళు నిండకముందే వెయ్యి పాటలకి వాయించినవాణ్ణి, ఆ పిల్లాడికి ఇవ్వడానికి ఒక్కటి లేదు. మేం కట్టుకున్న పాటల్లో నామినీ గడి నిండా మా పేర్లే ఉన్నాయి.

పీఓడీ తర్వాతి కథ అంత నునుపుగా సాగలేదు. 2003లో కురియెల్ వెళ్ళిపోయాడు, జేసన్ ట్రూబీ గిటారు పట్టాడు. ఆ ఏడాది వచ్చిన ఆల్బమ్ అట్ట మీద రెక్కల బొమ్మ చూసి చాలా క్రైస్తవ పుస్తకాల షాపులు దాన్ని అమ్మడానికి ఒప్పుకోలేదు. 2006లో అట్లాంటిక్‌తో బంధం తెగింది, ఆ తర్వాత కురియెల్ తిరిగొచ్చాడు. 2008లో ఇంకో ఆల్బమ్ చేశాక సన్నీ ఇంటికోసం, బిడ్డలకోసం ఆగిపోయాడు. పేరున్న రోజుల్లో అలా ఆగడం చిన్న విషయం కాదు. తోటివాళ్ళతో కలిసి ‘ద హూసోఎవర్స్’ అనే బృందం పెట్టి, స్కూళ్ళకి వెళ్ళి పిల్లలతో మాట్లాడటం మొదలుపెట్టాడు. 2012లో ‘మర్డర్డ్ లవ్’తో బ్యాండు మళ్ళీ వచ్చింది. దాని చివరి పాట ‘ఐ యామ్’ హంతకుడి గొంతుతో, లోకం అసహ్యించుకునేవాళ్ళ గొంతుతో నడుస్తుంది. సిలువ మీద వేలాడినవాడు నావాడు కూడానా అని అడుగుతుంది. అందులో వాడిన ఒక మాటకి కొందరు విశ్వాసులు నొచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ పాటలో బ్యాండు పేరు మొత్తం వినిపించింది. చెల్లింపు జరిగింది, ఎవరెవరికో రాసి ఉంది, ఆ జాబితాలో మనం ఊహించని పేర్లున్నాయి. 2024లో ‘వెరిటాస్’ వచ్చింది. పాట ఇంకా ఆగలేదు.

ఆ భూస్థాపన తర్వాత నేను, మా క్వాయర్‌లో ముగ్గురం, ఆ పిల్లాడి క్లాసువాళ్ళు నలుగురు కూర్చుని ఒక పాట కట్టాం. నెల పట్టింది. వాడు కనుబొమ్మ ఎగరేయడం అందులో ఉంది. హాల్ టికెట్ జేబులో పెట్టుకుని బస్సు కోసం నిలబడటం ఉంది. డోలక్ ఎడమ వైపు బరువు దెబ్బ నాలుగు మాత్రలకి ఒక్కసారి, అంతే. చరణాలు మాటల్లో చెబుతాం, పల్లవి ఆ నలుగురే పాడతారు. వాళ్ళలో ఇద్దరు మా సంఘంవాళ్ళు కాదు. మొదటిసారి పాడిన రోజున తాతగారు ముందు బెంచీలో కూర్చుని కళ్ళు మూసుకుని విన్నారు.

క్వాయర్లు నడిపేవాళ్ళకి, పాటలు కట్టే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నా మనవి ఒక్కటే. ఏ రాగమైనా తీసుకోండి, ఏ వాయిద్యమైనా పట్టండి. పాట మొదలుపెట్టేముందు ఒక్కసారి తలెత్తి గేటు వైపు చూడండి. లోపలికి రావచ్చో రాకూడదో తెలియక ఎవరైనా అక్కడ నిలబడి ఉంటే, ముందు వాళ్ళ పేరు రాయండి.