ప్లాస్మా తరంగాలు – జాను తెనుగు: విజ్ఞాన పరిభాషపై ఒక పరిశీలన

పాల్కురికి సోమనాథుని పేరుతో ప్రసిద్ధి కెక్కిన పాలకుర్తి నేటి జనగామ జిల్లాలో ఉంది. సామాన్యునికి అందాలన్న పట్టుదలతోనే ఆయన జాను తెనుగును, ద్విపదను చేపట్టాడు. భూ అయస్కాంతావరణంలోని ప్లాస్మా తరంగాలను గురించిన తెలుగు రచనకూ అదే గీటురాయి తగినది.

‘అంతరిక్ష శబ్దాలు’ అన్న మాట సులభమే గాని జాను తెనుగు కాదు. అది విషయాన్ని కప్పివేస్తుంది. 2012 ఆగస్టు 30న నాసా ప్రయోగించిన జంట వ్యోమనౌకలు వాన్ అలెన్ ప్రోబ్స్ 2019 వరకు వికిరణ వలయాలలో సంచరించాయి. వాటిలోని తీగచుట్టలు అయస్కాంత క్షేత్ర కంపనాలను, పొడవైన యాంటెనాలు విద్యుత్ క్షేత్ర కంపనాలను నమోదు చేశాయి. సెకనుకు కొన్ని వందల నుంచి కొన్ని వేల దాకా ఉండే ఆ కంపనాలు చెవికందే పరిధిలోనివి కనుక, సంకేతాన్ని స్పీకరుకు ఇస్తే వేకువ పిట్టల సందడి వినవస్తుంది. అక్కడ ఉన్నది విద్యుదయస్కాంత తరంగం. విన్నది దాని అనువాదం.

‘ఈల తరంగం’ మాత్రం చక్కని పదం. మెరుపులో పుట్టిన తరంగంలో హెచ్చు పౌనఃపున్యాలు ముందు, తక్కువవి వెనుక చేరుతాయి. అందుకే అది దిగుతున్న ఈల. బలరేఖ వెంట అది భూమికి ఎంతో దూరం పోయి అవతలి అర్ధగోళంలో దిగుతుందని 1953లో స్టోరీ వివరించాడు. అయితే ఈ ఉదాహరణను యథాతథంగా తెచ్చుకోరాదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అయస్కాంత మధ్యరేఖకు చేరువలోనివి. అక్కడి బలరేఖలు కొద్ది వందల కిలోమీటర్ల ఎత్తు దాటకుండానే దక్షిణానికి వంగుతాయి. స్టోరీ చెప్పిన దూరప్రయాణానికి అక్కడ దారి లేదు. వ్యోమనౌక ఎందుకు అవసరమో ఈ ఒక్క స్థానిక వాస్తవం చెప్పగలదు. తెలుగు రచన దానిని వాడుకోవాలి.

‘కోరస్’కు ‘బృందగానం’ అనడం పొరపాటు. అందులో మేళవింపు లేదు; ఒకదాని వెంట ఒకటిగా పైకెగసే పొట్టి కూతలున్నాయి. ‘కిలకిల తరంగాలు’ అనడమే మేలు. ఇది మాటల ముచ్చట మాత్రమే కాదు. ఆ తరంగాలే ఎలక్ట్రాన్లను కాంతివేగానికి చేరువగా తరుముతాయి; అవి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాల పరికరాలను దెబ్బతీయగలవు. పై మూడు జిల్లాల విద్యార్థులకు టీ-శాట్ పాఠాలను మోసుకొచ్చేదీ ఉపగ్రహమే.

ఇక ‘హిస్’ అనే తరంగం ఎలక్ట్రాన్లను వాతావరణంలోకి రాల్చి రెండు వలయాల నడుమ ఖాళీని ఏర్పరుస్తుంది. దానికి సంస్కృత సమాసం వెదకనక్కరలేదు. ‘బుస’ అన్న మాట తెలుగులో ఎప్పటినుంచో ఉంది.