నిందితురాలి వాక్కు: బాణామతి అభియోగం – ఒక పరిశీలన

ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వశేషంలో సత్యభామ ద్రౌపదిని అడుగుతుంది: అయిదుగురు భర్తలు వశులై ఉండటానికి కారణం వ్రతమా, మంత్రమా, ఔషధమా? అడిగింది చెలిమితోనే, అయినా అభియోగానికి కావలసినదంతా ఆ ప్రశ్నలో ఉంది. మంత్రౌషధాలు ప్రయోగించే ఇల్లాలితో కాపురాన్ని భర్త పాముతో పొత్తుగా చూస్తాడని ద్రౌపది ఖండించి, తన నడవడినే సాక్ష్యంగా సుదీర్ఘంగా వినిపిస్తుంది. ఈ సంవాదాన్ని పతివ్రతాధర్మ ప్రబోధంగా చదవడం పరిపాటి. నిర్దోషిత్వ ప్రకటనగా చదివితే ద్రౌపదికి దక్కిన అరుదైన అవకాశం కనిపిస్తుంది. ఆమె మాట పూర్తయ్యేదాకా వినేవారున్నారు.

తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి నింద మోసినవారికి ఆ అవకాశం లేదు. వారి పళ్లు ఊడబెరకడం అక్కడ తెలిసిన శిక్షే; పళ్లు లేని నోట మంత్రోచ్చారణ చెడుతుందని నమ్మకం. స్ఫుటోచ్చారణకు శిక్షాశాస్త్రం విధించిన నియమం ఇక్కడ హింసకు పనికివచ్చింది. ‘నేను కాదు’ అన్న రెండు మాటలలోనూ దంత్యాలున్నాయి.

ఐరోపాలో మంత్రగత్తెల విచారణలు కనీసం కాగితం మీదికెక్కాయి. స్కాట్లండ్‌లో 1662లో ఇసొబెల్ గౌడీ పలికిన మాటలు, అధికారుల ఎదుట పలికినవే అయినా, నాలుగు వాఙ్మూలాలుగా మిగిలి విమర్శకు పాఠమయ్యాయి. తెలుగునాట ఈ విషయాన్ని పట్టించుకున్నది సాహిత్యశాఖల కన్నా ముందు హేతువాదులు. గోరా 1940లో ముదునూరులో నెలకొల్పగా 1947లో విజయవాడకు తరలిన నాస్తిక కేంద్రం, వైద్యులతో కలిసి 1983లో మెదక్ జిల్లాలో బాణామతిని పరిశీలించింది. బాధితుల లక్షణాలకు వైద్యం కారణం చెప్పగలదు. అది చిన్న పని కాదు. అయితే నిందితురాలి వద్ద ఉన్నది రోగలక్షణం కాదు, కథనం. మంత్రగత్తెను గురించిన కథలను వర్గీకరించే జానపద పరిశోధన, మంత్రగత్తె అనిపించుకున్న స్త్రీ స్వయంగా చెప్పుకునే కథకు ఏ గడి కేటాయించాలో ముందుగా తేల్చుకోవలసి ఉంది.