పట్టేసిన ఫోర్‌సైట్

‘ఫోర్‌సైట్ పట్టేసింది సార్, కదలనంటోంది’ అంటూ రైఫిల్ తెచ్చి ఆర్మరర్ బల్ల మీద పెట్టే కుర్రాళ్ల గొంతులో కాస్త విసుగు ఉంటుంది. రౌండ్లన్నీ ఒక పక్కకే పోతున్నాయి. సరిచేద్దామంటే బారెల్ కొన మీద గురికోసం ఉండే ఆ ఇనుప ముక్క మొండికేసింది. వాళ్ల విసుగు నాకు తెలుసు. అయినా ఆయుధాల మరమ్మతు మీదే బతికినవాడిగా నేను చెప్పే మొదటి మాట ఒకటే: అది పట్టేసి ఉండటం మంచిదే. చేత్తో నెడితే జరిగే ఫోర్‌సైట్‌ను చూస్తేనే నాకు భయం.

పాత .303నే తీసుకోండి. సైన్యం వదిలేశాక కూడా పోలీసుల దగ్గర దశాబ్దాల పాటు ఉన్న రైఫిల్ అది. ఉత్తరప్రదేశ్ పోలీసులైతే 2020 గణతంత్ర దినోత్సవ పరేడ్‌తో గానీ దానికి వీడ్కోలు చెప్పలేదు. అందులో మన స్టేషన్లలో బాగా కనిపించిన పొట్టి రకానికి ఫోర్‌సైట్‌ను క్లిక్కులతో తిప్పే ఏర్పాటేమీ లేదు. బారెల్ కొన మీది దిమ్మలో అడ్డంగా ఒక గాడి ఉంటుంది, అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా. బ్లేడును పక్కనుంచి అందులోకి బలంగా దూరుస్తారు. దాన్ని పట్టి ఉంచేది ఆ బిగుతే. పేల్చిన ప్రతిసారీ వచ్చే కుదుపును, లారీ ప్రయాణాలను, పరేడ్ మైదానంలో దెబ్బలను ఓర్చుకుని అది అక్కడే నిలబడాలి. రౌండు ఎత్తుగానో కిందకో పడుతుంటే బ్లేడునే మార్చాలి. అందుకని 0.015 అంగుళం తేడాతో రకరకాల ఎత్తుల్లో బ్లేడ్లు చేసేవారు. ఏకే రకం రైఫిళ్లలో ఎత్తు సరిచేయడానికి మర ఉంది గానీ, పక్కకు జరపాలంటే గురి చూసే పోస్టు ఉన్న చిన్న డ్రమ్మును టూల్‌తో నెట్టాల్సిందే. తుప్పుకు అది కూడా పట్టేస్తుంది.

అసలు ఎంత జరపాలి? ఫోర్‌సైట్‌కూ వెనక ఉండే బ్యాక్‌సైట్‌కూ మధ్య దూరాన్ని రౌండు తప్పిన దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించాలి. సైట్ల మధ్య 500 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. 25 మీటర్ల దూరంలో రౌండ్ల గ్రూపు 2 సెంటీమీటర్లు ఎడమకు పడుతోంది. జరపాల్సింది 0.4 మిల్లీమీటర్లు. ఇంచుమించు మన గోరు మందం! దానికోసం పెద్ద సుత్తి ఎత్తేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఇక రౌండు ఎటు పోతుంటే ఫోర్‌సైట్‌నూ అటే జరపాలి. ఎడమకు జరిగిన బ్లేడును మళ్లీ బ్యాక్‌సైట్ మధ్యలోకి తెచ్చుకోవడానికి పేల్చేవాడు బారెల్‌ను తనకు తెలియకుండానే కుడికి తిప్పుతాడు. కొత్తవాళ్లు తికమక పడేది ఇక్కడే.

సైట్‌ను తప్పుపట్టే ముందు మనిషిని చూడాలి. అదే రైఫిల్‌ను నిలకడగా పేల్చే మరొకరికి ఇచ్చి 5 రౌండ్లు వేయించండి. అతనికీ అదే పక్కకు, అదే దూరంలో దగ్గరదగ్గరగా పడితే అప్పుడు సైట్ సంగతి. చెల్లాచెదురుగా పడితే సైట్ జోలికి వెళ్లకండి. కారణం ట్రిగ్గర్ లాగే వేలిలో ఉండొచ్చు, వదులైన స్క్రూలో ఉండొచ్చు.

పని మొదలుపెట్టేది మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, చాంబర్‌లో వేలు పెట్టి చూశాకే. ఆ తర్వాత భూతద్దం. గాడి అంచున సూది మొనంత గుంట కనిపిస్తే, వెనకటి ఆర్మరర్ ఎవరో జీరోయింగ్ (గురి సరిచేయడం) అయ్యాక పంచ్‌తో కొట్టి లాక్ చేశాడన్నమాట. ముఖం తెలియని ఆ మనిషి పనిని గౌరవించాలి. ఒక్కోసారి రంగు కింద చిన్న స్క్రూ దాక్కుని ఉంటుంది. కొన్ని పాత తుపాకులకు టంకం పెట్టి ఉంటారు. టంకం పెట్టిన సైట్ ఎన్ని దెబ్బలకైనా కదలదు, వేడికే వదులుతుంది. ఆ వేడి కూడా సోల్డరింగ్ ఐరన్‌ది చాలు. గ్యాస్ మంట పెడితే బారెల్ నల్లదనం పోతుంది, ఇనుము గుణమూ చెడుతుంది.

ఇవేవీ లేకుండా తుప్పే కారణమైతే, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మామూలే, గాడి రెండు వైపులా తుప్పు వదిలించే నూనె చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్నే సైట్ మీదా దిమ్మ మీదా కలిసేలా సన్నటి గీత గీయాలి. ఎంత జరిగిందో చూపేది ఆ గీతే. బారెల్‌ను వైస్‌లో చెక్క దవడల మధ్య, సరిగ్గా సైట్ కిందే పట్టించాలి. దూరంగా పట్టిస్తే దెబ్బ బలమంతా బారెల్ అదురులోనే పోతుంది. స్క్రూ తిప్పి నెట్టే టూల్ ఉంటే అదే ఉత్తమం. లేకపోతే ఇత్తడి కడ్డీ, చిన్న సుత్తి. ఉక్కు పంచ్ వద్దు, బ్లేడు అంచు నలిగిపోతుంది. కడ్డీని బ్లేడు కొనకు కాదు, గాడికి ఆనుకుని ఉన్న అడుగు భాగానికి ఆనించి కొట్టాలి. తుప్పు విడిచేటప్పుడు దెబ్బ చప్పుడు మారుతుంది. అక్కడి నుంచి ఒక్కో దెబ్బకూ ఆగి గీత చూసుకోవాలి.

లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు ఇది ఇంట్లో చేయొద్దు. లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరకే తీసుకెళ్లండి. ఎన్‌సీసీ పిల్లలు, క్లబ్బుల్లో నేర్చుకునేవాళ్లు సైట్ మీద చెయ్యి వేయకుండా ఆర్మరర్‌కు అప్పగించండి. అప్పగించేటప్పుడు రైఫిల్ ఒక్కటే తేకండి. చివరగా పేల్చిన టార్గెట్ కాగితం, ఎంత దూరం నుంచి పేల్చారో దాని మీద రాసి, వెంట తీసుకురండి.