కాజా దగ్గర తెలిసే పనితనం

కుట్టు మిషన్ పనితనం చూడాలంటే దానిచేత కాజా కుట్టించాలి. తిన్నగా సాగే కుట్టు ఏ మిషనైనా వేస్తుంది. అమ్మమ్మల కాలం నాటి నల్లటి తొక్కుడు మిషన్ ఆ పనిలో ఇప్పటి మిషన్లకు ఏమాత్రం తీసిపోదు. కాజా అలా కాదు. రెండు పక్కలా దారం దట్టంగా పరుచుకోవాలి, ఆ రెండు పక్కలూ ఒకే వెడల్పులో ఉండాలి, మధ్యలో కోయడానికి సన్నని సందు మిగలాలి, రెండు కొసల్లో చిరగకుండా అడ్డకట్టు పడాలి, గుండీ దూరేంత పొడుగు దగ్గర సరిగ్గా ఆగాలి. మన ఊళ్లలో చొక్కాలు కుట్టే దర్జీలు కూడా ఈ ఒక్క పనికి బట్టను కాజా మిషన్ ఉన్న కొట్టుకు పంపుతుంటారు. లేదంటే చేత్తో కాజాలు కుట్టే మనిషిని వెతుక్కుంటారు. అంతటి పనిని ఆరు కిలోల బరువుండే ఇంటి మిషన్ ఒక్క మీట నొక్కితే చేసిపెడుతుంది.

నా దగ్గరున్నది బ్రదర్ కంపెనీ సి.ఎస్. 6000ఐ. అమెరికాలో ఇంటి కుట్టు నేర్చుకునేవాళ్లు చాలామంది కొనుక్కునే మధ్యరకం ధర కంప్యూటర్ మిషన్. 60 రకాల కుట్లు, 7 తరహాల కాజాలు, నిమిషానికి గరిష్ఠంగా 850 కుట్ల వేగం. ఇక్కడి తెలుగిళ్లలో ఇటువంటి మిషన్‌కు చేతినిండా పని ఉంటుంది. బ్లౌజు కుట్టే దర్జీ వీధి చివర దొరకడు. ఊరి నుంచి కుట్టించి పంపిన బ్లౌజు బిగుతైతే, దర్జీ పక్క కుట్ల దగ్గర ముందుచూపుతో వేసి ఉంచిన రెండు మూడు వరసల్లో ఒకటి మనమే విప్పుకోవాలి. పిల్ల ఎదిగితే పట్టు లంగా టక్కు విప్పి అంచు మళ్లీ మడవాలి. కొత్త చీరకు కొంగు కొస జిగ్‌జాగ్ చేసుకోవాలి. ఇవన్నీ చేస్తూ చేస్తూ ఈ మిషన్ లోపలి అమరిక మీద నాకు కలిగిన గౌరవం రోజురోజుకూ పెరిగిందే గాని తగ్గలేదు.

అందరూ ముందు చెప్పేది దాని తెర గురించి, అరవై కుట్ల గురించి. నాకు గొప్పగా తోచింది వేరే. ఈ మిషన్ని తయారు చేసినవాళ్లకు దేన్ని మార్చాలో తెలుసు, దేని జోలికి వెళ్లకూడదో అంతకంటే బాగా తెలుసు. సూది దిగుతుంది, కిందనుంచి దారం దాన్ని పెనవేసుకుంటుంది, బట్ట ఒక అడుగు జరుగుతుంది. ఈ మూడూ 19వ శతాబ్దపు పనితనమే. మొన దగ్గరే రంధ్రం ఉన్న సూదితో, రెండు దారాలు ముడిపడే కుట్టుకు ఎలియాస్ హౌ పేటెంట్ తీసుకున్నది 1846లో. ఐజాక్ సింగర్ పేటెంట్ 1851లో. బట్టను పట్టి జరిపే పళ్లకు నాలుగు కదలికలు నేర్పిన అలెన్ విల్సన్ పేటెంట్ 1854లో. యంత్రాలను అంతగా శంకించిన గాంధీజీ కూడా 1924లో సింగర్ కుట్టు మిషన్ని మినహాయించి మాట్లాడారు. నా బల్ల మీది మిషన్లో హౌ, సింగర్, విల్సన్ ముగ్గురి పనీ ఇంకా అలాగే నడుస్తోంది.

పళ్ల సంగతే చూడండి. పైకి లేస్తాయి, బట్టను పట్టుకుని వెనక్కి జరుపుతాయి, కిందికి దిగుతాయి, సూది కింద ఉండే పళ్లెం అడుగునుంచే మళ్లీ ముందుకు వస్తాయి. సూది బట్టలో ఉన్నంతసేపూ అవి బట్టను ముట్టవు. ముట్టితే సూది వంగుతుంది, లేదా బట్ట చిరుగుతుంది. సూదికీ పళ్లకూ మధ్య ఈ ఒప్పందం తప్పకూడదని ఒకే ఇరుసు నుంచి రెండింటినీ నడిపిస్తారు. ఇన్ని ఎలక్ట్రానిక్ పరికరాలు పెట్టి కూడా ఆ ఇరుసును తీసేయలేదు.

ఇక పళ్లెం కింద తిరిగే కొక్కెం దగ్గరకు వస్తే నాకు మాట ఆగదు. సూది పూర్తిగా కిందికి దిగి, రెండు మిల్లీమీటర్ల మేర పైకి లేస్తుంది. అప్పుడు దాని వెనక దారం కాస్త వదులై చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సూది వెనక, రంధ్రానికి కొంచెం పైన ఒక గుంట ఉంటుంది, గోటితో తడిమితే తెలుస్తుంది. కొక్కెం మొన సరిగ్గా ఆ గుంటలోంచే, సూదికి తగలకుండా, కాగితం దూరేంత సందులో పోతూ ఆ ఉచ్చును తగిలించుకుంటుంది. అడుగు దారం చుట్టిన బాబిన్ ఉండే గిన్నె చుట్టూ దాన్ని తిప్పి వదిలేస్తుంది. పై లివర్ మిగిలిన దారాన్ని లాగేసుకుంటుంది. కుట్టు పడింది. సూది ఒకసారి దిగి లేచేలోపు కొక్కెం రెండు చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టు దారం కోసం, రెండోది ఖాళీగా. పాత తొక్కుడు మిషన్లో షటిల్ సగం తిరిగి వెనక్కి వస్తుంది, అందుకే ఆ టకటక. ఇక్కడ కొక్కెం ఒకే వైపు తిరుగుతుంది కాబట్టి చప్పుడు తక్కువ.

బాబిన్ కూర్చునే ప్లాస్టిక్ గిన్నెను చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దాన్ని దేనికీ బిగించలేదు. పై దారం దాని చుట్టూ పూర్తిగా తిరిగి రావాలి గదా, బిగిస్తే దారానికి దారెక్కడిది? కొక్కెం తిరుగుతున్నా తాను తిరగకుండా ఒక అడ్డు ఆపుతుంది, అంతే. ఈ గిన్నెకు తగ్గ బాబిన్ ఎత్తు 11.5 మిల్లీమీటర్లు. పాత మిషన్ తాలూకు ఇనుప బాబిన్ వేస్తే కుట్టు చెడుతుంది. చూడటానికి రెండూ ఒకటిలాగే ఉన్నా కొత్త గిన్నెలో పాతది పెట్టకండి.

మరి కంప్యూటర్ చేసిందేమిటి? పాత జిగ్‌జాగ్ మిషన్లలో సూది పక్కలకు ఊగడానికి లోపల క్యాములు ఉండేవి. అంచులు మెట్లు మెట్లుగా చెక్కిన చిన్న చక్రాలు. ఒక్కో కుట్టుకు ఒక్కో చక్రం. పెట్టెలో ఎన్ని చక్రాలు పడితే అన్నే కుట్లు. 1975లో సింగర్ అథీనా 2000తో ఎలక్ట్రానిక్స్ ఇంటి మిషన్లోకి వచ్చాయి. 1979లో జనోమే మెమొరీ 7 దాన్ని మరో మెట్టు ఎక్కించింది. ఇప్పుడు ఆ చక్రాల పేర్పు బదులు ఒక చిప్, రెండు స్టెప్పర్ మోటార్లు. స్టెప్పర్ మోటార్ గిర్రున తిరిగేది కాదు. చెప్పినన్ని చిన్న చిన్న అడుగులు వేసి ఆగేది. ఒకటి సూదిని ఎడమకో కుడికో జరుపుతుంది. రెండోది పళ్ల అడుగు ఎంత పొడుగో, ముందుకో వెనక్కో నిర్ణయిస్తుంది. పళ్లను నడిపేది మాత్రం పాత ఇరుసే. అంటే చిప్‌లో దాగున్న ఏ లతైనా, ఏ పువ్వైనా ఒక్కో సూదిపోటుకు రెండేసి సంఖ్యలు: సూది ఎక్కడ, అడుగు ఎంత.

నిమిషానికి 850 కుట్లంటే ఒక్కో కుట్టుకు సెకనులో పద్నాలుగో వంతు. అందులో సుమారు సగం కాలం సూది బట్టలోనే ఉంటుంది. మిగిలిన ఆ కాస్త వ్యవధిలోనే సూది పక్కకు జరిగి, కదలకుండా నిలబడి, మళ్లీ దిగాలి. జరగాల్సిన దూరం 7 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు. ఇరుసు ఏ క్షణాన ఎక్కడుందో ఒక సెన్సర్ చూసి చెబుతూ ఉంటుంది. వెడల్పు జిగ్‌జాగ్ పెట్టి, పక్కనుంచి తల వంచి ఆ సూదిని ఒకసారి గమనించండి. తడబాటు కనిపించదు.

ఇప్పుడు కాజా. బట్టను నొక్కి పట్టే పొడుగాటి ప్రత్యేకమైన పాదం ఒకటి ఇస్తారు. దాని వెనక కొసలో గుండీని బిగించాలి. సూది వెనకనున్న చిన్న లివర్‌ని కిందికి లాగి, మీట నొక్కి, చేతులు తేలిగ్గా ఉంచాలి. గుండీని కొలిచేది కంప్యూటర్ కాదు, ఆ పాదమే. గుండీ ఎంత ఉంటే పాదం అంత తెరుచుకుంటుంది. బట్టతోపాటు పాదం జరిగి, తన అంచుతో లివర్‌ని నెడుతుంది. అది తగలగానే అడ్డకట్టు వేసి వెనక్కి తిరగాలని మిషన్‌కు తెలుస్తుంది. కళ్లూ కొలతలూ లేని యంత్రానికి గుండీ సైజు చెప్పడానికి ఇంతకంటే తేలికైన దారి నాకు తోచదు. గుండీ ఉబ్బెత్తుగా ఉంటే దాని మందాన్ని కూడా కలుపుకోవాలి. అంతా కలిసి దాదాపు 28 మిల్లీమీటర్ల వరకు ఈ పాదం పట్టుకుంటుంది.

అసలు కష్టం ఆ తర్వాతే. కాజాలో ఒక పక్క బట్ట ముందుకు నడిస్తే రెండో పక్క వెనక్కి నడవాలి. బట్ట రెండు వైపులా ఒకేలా నడవదు. చవక మిషన్ల కాజాల్లో ఒక పక్క దట్టంగా, మరో పక్క పలచగా కనిపించేది ఇందుకే. పళ్ల అడుగును కొద్దికొద్దిగా సర్దగలగడం వల్ల ఈ మిషన్ రెండు పక్కలనూ దగ్గరదగ్గరగా తెస్తుంది. రెండు మడతల నూలు బట్ట మీద, లోపల క్యాన్వాస్ పెట్టి కుట్టిన కాజాను తిరగేసి చూస్తే, వెనక కూడా ముందున్నంత శుభ్రంగా ఉంటుంది. కోసేటప్పుడు కొసన ఒక గుండుసూది అడ్డంగా గుచ్చండి, అడ్డకట్టు తెగదు.

నెమ్మదిగా కుట్టడంలో ఉన్న గుణం కొత్తవాళ్ల దృష్టికి తొందరగా రాదు. పాత కరెంటు మోటార్ వేగం తగ్గిస్తే బలం కూడా తగ్గేది. మందమైన చోట సూది దిగక మూలిగేది. ఇందులో వేగం తగ్గించినా, సూది గుచ్చే బలం తగ్గకుండా చూసే ఏర్పాటు ఉంది. బ్లౌజు చంక దగ్గర ముందు భాగం, వెనక భాగం, చెయ్యి, వాటి లైనింగులూ అన్నీ ఒకచోట కలుస్తాయి. అక్కడ నత్తనడకన పోనిచ్చినా సూది తొణక్కుండా దిగుతుంది. ఆగినప్పుడు సూది బట్టలోనే ఆగుతుంది. చదరపు మెడ మూల తిప్పుతున్నప్పుడు పాదం ఎత్తి, బట్ట తిప్పి, మళ్లీ దించితే చాలు, ఒక్క నూలు పోగు కూడా పక్కకు పోదు.

మిషన్ ఆన్ చేయగానే సూది ఎడమ పక్కన ఉండే తిన్నని కుట్టు వస్తుంది. చాలామంది వెంటనే దాన్ని మధ్యకు మార్చుకుంటారు. పలచటి బట్ట కుట్టేటప్పుడు మాత్రం మార్చవద్దు. జిగ్‌జాగ్ కోసం పళ్లెంలో 7 మిల్లీమీటర్ల మేర అడ్డంగా రంధ్రం ఉంటుంది. మధ్యలో దిగిన సూది పలచటి పట్టునో షిఫాన్‌నో ఆ రంధ్రంలోకి తోసేస్తుంది. ఎడమ కొసన దిగితే బట్టకు పళ్లెం ఆసరా దొరుకుతుంది. అయినా మొండికేసే బట్టకు అడుగున పలచటి టిష్యూ కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయవచ్చు. చీర అంచు జిగ్‌జాగ్‌కు కూడా అదే ఉపాయం.

బ్రదర్ సంస్థ మొదలైంది 1908లో, నగోయాలో, కుట్టు మిషన్లు బాగుచేసే యాసుయి కుటుంబపు కొట్టుగా. 1928లో గడ్డి టోపీలు కుట్టే మిషన్ చేసి, దానికి బ్రదర్ అన్న పేరు పెట్టారు. 1932లో ఇంటి మిషన్ చేశారు. మరమ్మతుతో బతికినవాళ్ల జాగ్రత్త ఈ మిషన్లో అక్కడక్కడా కనిపిస్తుంది. సూది మొదలు ఒక పక్క చదునుగా ఉంటుంది కాబట్టి తప్పుగా పెట్టడానికి వీల్లేదు. పాదం ఎత్తి ఉంచి మీట నొక్కితే కదలదు, బీప్ అంటుంది. బాబిన్ చుట్టే కడ్డీ పక్కకు నెట్టి ఉన్నా కుట్టదు. పెడల్ తగిలించి ఉంటే మీటతో నడవదు. నూనె వేయవద్దంటారు, పళ్లెం కింద పేరుకున్న నూగును కుంచెతో తీస్తే చాలు.

దీని హద్దులు కూడా చెప్పాలి. రోజంతా కుట్టి జీవనం సాగించే దర్జీకి ఇది సరిపోదు. జీన్స్ మడతలు నాలుగు కలిసిన చోట తేలికైన ఒళ్లు అదురుతుంది. సూది విరిగి తగిలితే ప్లాస్టిక్ గిన్నె మీద గీత పడుతుంది. ఆ గీతకు దారం తగులుకుంటూ ఉంటుంది, గిన్నె మార్చాల్సిందే. లోపలి సర్క్యూట్ పోతే వీధి మెకానిక్ చేయగలిగేది తక్కువ. అమెరికాలో అమ్మే ఈ మిషన్ 120 వోల్టులది. ఊరికి తీసుకెళ్లి నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. బట్ట అడుగున దారం గూడు కట్టే చిక్కుకు మాత్రం మిషన్ని తిట్టవద్దు. చాలాసార్లు కారణం పాదం దించి ఉంచి పై దారం ఎక్కించడమే. పాదం దిగి ఉంటే దారానికి బిగువిచ్చే టెన్షన్ బిళ్లలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు వెళ్లదు. ముందు పాదం ఎత్తండి, తర్వాత దారం ఎక్కించండి.

సూది విషయంలో పిసినారితనం వద్దు. 90 నంబరు సూది అంటే 0.9 మిల్లీమీటరు మందం. నూలుకు అది బాగుంటుంది, పట్టుకు 75 వాడండి. మొన మొద్దుబారిన సూది పట్టు పోగులను లాగేస్తుంది.

ఈ ధరలో ఏ కంపెనీ మిషన్ కొనబోతున్నా కొట్టుకు వెళ్లేటప్పుడు మీ బ్లౌజు గుడ్డ ముక్క ఒకటి, లైనింగ్ ముక్క ఒకటి, ఒక గుండీ వెంట తీసుకెళ్లండి. అరవై కుట్లూ చూపిస్తామంటే వద్దనండి. రెండు మడతల మీద వరసగా మూడు కాజాలు కుట్టించి, తిరగేసి వెనక వైపు చూడండి. మూడూ ఒకే పొడుగులో, రెండు పక్కలా ఒకే దట్టంలో ఉంటే డబ్బు చెల్లించండి.