చందా తెర మీద మెట్టసీమ: కరోనా కాలపు ఓటీటీ విస్తరణ నేపథ్యంలో ‘సినిమా బండి’, ‘నారప్ప’ చిత్రాల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

కరోనా కాలంలో సినిమా హాళ్లు మూతపడి, చందా చెల్లించి చూసే ఓటీటీ వేదికలు తెలుగునాట వేగంగా విస్తరించాయి. ఈ విస్తరణ కొత్త ఇతివృత్తాలకూ, ప్రాంతీయ యాసలకూ స్వేచ్ఛనిచ్చిందన్న అభిప్రాయం విమర్శలో దాదాపు స్థిరపడింది. రాయలసీమ మెట్టప్రాంతపు బతుకుతోనూ భాషతోనూ సంబంధమున్న రెండు చిత్రాలను, కంబదూరు వంటి కరువు మండలపు ప్రేక్షకుని వైపు నుండి పరిశీలించి, ఆ స్వేచ్ఛ ఎవరిని ఉద్దేశించిందన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఓటీటీ, చందా, మెట్టసీమ, అనంతపురం, మాండలికం, అనుసరణ, నారప్ప, సినిమా బండి.

1. ఉపోద్ఘాతం

2020 మార్చి 25 శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశవ్యాప్త లాక్‌డౌన్‌కు మొదటి రోజు కూడా అదే. గీతా ఆర్ట్స్, మైహోమ్ సంస్థల భాగస్వామ్యంతో తెలుగు ప్రేక్షకుల కోసమే ఏర్పడిన ‘ఆహా’ వేదిక, ఫిబ్రవరిలో ప్రయోగాత్మకంగా మొదలై, లాంఛనంగా ప్రారంభమైనది ఆనాడే. గుడి ముందు పంచాంగ శ్రవణానికి సైతం నలుగురు కూడరాని పండుగనాడు, నలుగురు కూడనక్కరలేని సినిమా తెలుగులో అధికారికంగా అడుగుపెట్టింది. ముహూర్తం ముందే నిశ్చయించుకున్నది కావచ్చు గాని, కాలం దానికి ఇచ్చిన అర్థం వేరు.

ఓటీటీని కరోనా పుట్టించలేదు. నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వీడియో రెండూ 2016లోనే భారతదేశానికి వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో మొదలైన జియో సేవలు డేటా ధరను పల్లెకు అందే స్థాయికి దించాయి. దారి అప్పటికే పడింది. ఆ దారిన తెలుగు సినిమాను నడిపించింది మాత్రం మూతపడిన హాళ్లు. 2020 ఏప్రిల్ 29న ‘అమృతరామమ్’ హాలు గడప తొక్కకుండా నేరుగా జీ5లో విడుదలైంది. ‘కృష్ణ అండ్ హిజ్ లీల’, ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’, సెప్టెంబరులో నాని, సుధీర్‌బాబుల ‘వి’, అక్టోబరులో ‘కలర్ ఫోటో’ ఆ బాట పట్టాయి. ‘కలర్ ఫోటో’ తరువాత ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం కూడా పొందింది. ఏడాది గడిచేసరికి ఓటీటీ విడుదల అన్నది చిన్న సినిమాకు చివరి ఆసరా అన్న దశ దాటి, వెంకటేశ్ వంటి అగ్రనటుని చిత్రం కూడా ఆశ్రయించే పద్ధతి అయింది.

ఈ పరిణామంపై వచ్చిన చర్చ ఎక్కువగా వ్యాపార దృష్టితో సాగింది. సాహిత్య, సాంస్కృతిక విమర్శ దీనిని ‘కథకు దొరికిన స్వేచ్ఛ’గా స్వాగతించి ఊరుకుంది. ఆ మాటను ఒక నిర్దిష్టమైన నేల మీద నిలబెట్టి చూడవలసి ఉంది. కంబదూరు అనంతపురం జిల్లాలో, కల్యాణదుర్గానికి దక్షిణంగా, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న మండల కేంద్రం. హేమావతి రాజధానిగా నొళంబులు ఏలిన సీమలోని ఈ ఊరి చుట్టుపక్కల తెలుగూ కన్నడమూ ఒకే సంతలో వినిపిస్తాయి. వానను నమ్ముకొని వేసే వేరుశనగ, ఎండిన బోర్లు, పని వెతుక్కుంటూ బెంగళూరుకు పోయే వలస ఇక్కడి బతుకు. ఈ నేల తెలుగు తెరకు దాదాపు కొత్తది. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి తెలుగు సినిమాకు ఎంత చేసినా, ఆయన జిల్లా మాట తెర మీద వినబడడానికి చాలాకాలం పట్టింది.

2. టిక్కెట్టు, చందా: ధర వెనుక ప్రేక్షకుడు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఏప్రిల్ 8న జారీ చేసిన 35వ నంబరు జీవో సినిమా టిక్కెట్ల ధరలను నిర్ణయించింది. గ్రామపంచాయతీల పరిధిలో, ఏసీ లేని హాలులో, అడుగు తరగతి టిక్కెట్టు 5 రూపాయలు. ఏసీ హాలులో మేలు తరగతి 20 రూపాయలు. పెద్ద చిత్రాల నిర్మాతలు దీనిపై ఆందోళన చెందుతుండగానే, కొద్ది వారాలలో కరోనా రెండో అల వచ్చి హాళ్లు మళ్లీ మూతపడ్డాయి. 5 రూపాయల టిక్కెట్టు ఉన్నది. అది తెరిపించే తలుపు లేదు. (2022 మార్చిలో వచ్చిన మరో జీవో ఆ కనీస ధరను 20 రూపాయలకు పెంచింది.)

అప్పటి నెట్‌ఫ్లిక్స్ మొబైల్ చందా నెలకు 199 రూపాయలు. ప్రైమ్ వార్షిక చందా 999 రూపాయలు. ఆహా ఏడాదికి 365 రూపాయలు. 2021-22లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పథకపు రోజుకూలి 245 రూపాయలు. ఒక రోజు కూలితో నెల రోజుల సినిమా దొరుకుతున్నప్పుడు చందాను ధనికుల వినోదంగా మాత్రమే చూడడం పొరపాటు. కాబట్టి ధరను అడ్డంకిగా చూపే వాదం సగమే నిజం. అసలు తేడా డబ్బులో కాక, డబ్బు చెల్లించే తీరులో ఉంది.

టిక్కెట్టు ఒక చిత్రానికి చెల్లించే వెల. చూచిన సినిమా నచ్చకపోతే ప్రేక్షకుడు మరునాడు మరొకరిని రానివ్వడు. హాలు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీయే తీర్పు. చందా అలా కాదు. అది ఏ ఒక్క చిత్రానికీ చెల్లించినది కాదు. బ్యాంకు ఖాతా ఉండి, కార్డు ఉండి, నెలనెలా కోతకు ముందుగా అంగీకరించిన వ్యక్తి పేర తెరిచిన లెక్క. అందువల్ల హాలు నింపవలసిన పూచీ చిత్రానికి తప్పింది. కొత్తవారితో, తారలు లేకుండా, సరిహద్దు పల్లె మాటతో సినిమా తీయగలగడానికి ఈ వెసులుబాటే కారణం. అయితే హాలులో కేకవేసో, లేచిపోయో తన తీర్పు చెప్పే నేల తరగతి ప్రేక్షకునికి ఈ లెక్కలో చోటు లేదు. తారకూ ఫైటుకూ డిమాండు చేసి సినిమాను చెడగొట్టినవాడని విమర్శకులు నిందించిన ప్రేక్షకుడు అతడే గనుక, అతని నిష్క్రమణను ఎవరూ పట్టించుకోలేదు.

3. ‘సినిమా బండి’: ఊరి తెర, ఒంటరి తెర

ప్రవీణ్ కండ్రేగుల దర్శకత్వంలో, రాజ్-డీకే నిర్మాణంలో వచ్చిన ‘సినిమా బండి’ 2021 మే 14న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. ఆటో నడిపే వీరబాబుకు తన బండిలో ఎవరో మరచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. చిన్న సినిమాలు పెద్ద లాభాలు తెస్తున్నాయని టీవీలో విన్న అతడు, తానూ ఒక సినిమా తీసి ఊరిని బాగుచేయాలనుకుంటాడు. పెళ్లిళ్ల ఫోటోలు తీసే గణపతి ఛాయాగ్రాహకుడు, క్షురకవృత్తి చేసుకునే మరిడయ్య కథానాయకుడు, కూరగాయలమ్మే మంగ కథానాయిక.

‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఆది’ (2002), ‘ఇంద్ర’ (2002) నాటి నుండి సీమ అనగానే సుమోలు, వేటకొడవళ్లు అన్న ముద్ర పడింది. ఈ చిత్రంలో అవి లేవు. ఇక్కడి కొరత రోడ్డు, కరెంటు, వాన. ఇక్కడి ఆశ కూడా అంతే చిన్నది. కథ నవ్విస్తుంది గాని, పల్లెవారి అమాయకత్వాన్ని వెక్కిరించదు. మంగ తనకు నచ్చని దానికి ‘కాదు’ అనగలదు. మరిడయ్యకు కథానాయకుడనే పదవి కంటే తన పనీ తన మర్యాదా ముఖ్యం. పేదరికాన్ని ప్రదర్శనకు పెట్టకపోవడం ఈ చిత్రపు గొప్ప సంస్కారం.

యాస విషయంలో మాత్రం విమర్శ కొంత తొందరపడింది. చిత్రీకరణ జరిగినది కర్ణాటకలోని కోలారు జిల్లా ముళబాగిలు ప్రాంతపు గొల్లపల్లిలో. వినిపించే మాట ఆ సరిహద్దు తెలుగు. దానిని ‘సీమ యాస’ అని ఒక్క పేరుతో పిలవడం, కడప మాటనూ కల్యాణదుర్గం మాటనూ కోలారు తెలుగునూ ఒకే గంపలో వేయడమే. కంబదూరు పరిసరాలలోని ‘పోతాండాడు’, ‘వస్తాండారు’ వంటి క్రియారూపాలు, మాటమాటకూ వచ్చే ‘అప్పా’ అన్న సంబోధన, కన్నడంతో పంచుకున్న ‘జాస్తి’ వంటి పదాలు కోలారు తెలుగుకు దగ్గరి చుట్టాలే గాని, రెండూ ఒకటి కావు. చెవి దగ్గరగా పెట్టి వినేవారికి తెలిసే ఈ తేడా, దూరం నుండి వినేవారికి ‘సహజత్వం’ అనే ఒకే ముద్దగా కరిగిపోతుంది. సమీక్షలు విరివిగా వాడిన ‘సహజత్వం’ అన్న మాట చిత్రపు గుణాన్ని ఎంత చెప్పిందో, సమీక్షకుని దూరాన్నీ అంతే చెప్పింది.

యాసకు ఈ గౌరవం ఓటీటీ వల్లనే దక్కిందనడమూ సరికాదు. ‘కేరాఫ్ కంచరపాలెం’ 2018లో హాలులోనే ఆడింది. చిత్తూరు మాటను అడుగడుగునా మోసిన ‘పుష్ప’ 2021 డిసెంబరులో హాళ్లకే వచ్చి, వాటిని నింపింది. చందా తెర ఇచ్చినది యాస కాదు. తార లేకుండా యాస పలికే అవకాశం.

ఈ చిత్రంలో అన్నిటికంటే ఆలోచింపజేసేది దాని ముగింపు. ఊరివారంతా ఒకచోట కూడి, తాము తీసిన సినిమాను తెర మీద చూసుకుంటారు. ఎవరి ముఖం కనబడితే వారు నవ్వుకుంటారు. సామూహికంగా చూడడమే సినిమాకు సార్థకత అని చెప్పే ఈ ఘట్టం, రెండో అల నడుమ, ఒక్కొక్కరి ఫోనులో ఒక్కొక్కరికి చేరింది. దర్శకుడు ఈ వైరుధ్యాన్ని ఉద్దేశించి ఉండకపోవచ్చు. అయినా ఆ కాలపు సినిమా గురించి ఇంతకంటే స్పష్టమైన వ్యాఖ్య మరొకటి కనబడదు.

4. ‘నారప్ప’: పేరు మార్పులో పోయినది

శ్రీకాంత్ అడ్డాల దర్శకత్వంలో వెంకటేశ్, ప్రియమణి నటించిన ‘నారప్ప’ 2021 జూలై 20న ప్రైమ్ వీడియోలో విడుదలైంది. అనంతపురం జిల్లా నేపథ్యంగా సాగే ఈ చిత్రం, వెట్రిమారన్ తమిళ చిత్రం ‘అసురన్’ (2019)కు పునర్నిర్మాణం. ‘అసురన్’కు మూలం పూమణి నవల ‘వెక్కై’ (1982). పూమణి రాసినది కోవిల్‌పట్టి చుట్టుపక్కల కరిసల్ సీమను, అంటే వానకు ఎదురుచూసే నల్లరేగడి మెట్టను. ఆ కరిసల్ సాహిత్యానికి పెద్దదిక్కు కి.రాజనారాయణన్ ఇంటిభాష తెలుగు కావడం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. ఒక మెట్ట నుండి మరొక మెట్టకు కథ ప్రయాణించడంలో అనౌచిత్యం ఏమీ లేదు. ఎర్రమట్టి, ముళ్లచెట్లు, గుట్టల నడుమ తండ్రీకొడుకులు పారిపోయే ఘట్టాలలో నేల పరాయిదిగా కనబడదు. వెంకటేశ్ తన వయసునూ అలసటనూ దాచుకోకుండా నటించడం చిత్రానికి బలం.

అయితే పేరులో జరిగిన మార్పు చిన్నది కాదు. ‘అసురన్’ అన్నది నాయకుని పేరు కాదు. అక్కడి నాయకుడు శివసామి. అది ఒక వర్గాన్ని అసురులుగా చూసే సమాజపు చూపుకు పెట్టిన పేరు, అందువల్ల అది ఒక ఆరోపణ. ‘నారప్ప’ అచ్చమైన స్థానిక నామం. ‘అప్ప’ అన్న ఆ తుది అనంతపురం మెట్టకూ కన్నడ సీమకూ ఉమ్మడి ఆస్తి. శీర్షిక ఊరిని సంపాదించుకున్నది, ఆరోపణను పోగొట్టుకున్నది. సమాజం మీద వేసిన వేలు ఒక వ్యక్తి పరాక్రమం వైపు తిరిగింది.

ఇదే మార్పు భూమి విషయంలోనూ కనబడుతుంది. ‘అసురన్’లో పూర్వకథకు వెన్నెముక పంచమి భూములు; 1892 నుండి మద్రాసు ప్రభుత్వం అంటరానివారిగా పరిగణింపబడిన కులాలకు కేటాయించినవి, తరువాత చేతులు మారినవి. అనంతపురం ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లాయే. స్వాతంత్ర్యానంతరం ఇక్కడ ఆ స్థానంలో డి-పట్టాలున్నాయి. అవి అన్యాక్రాంతం కాకుండా 1977లో చేసిన అసైన్డ్ భూముల చట్టం ఉంది. ఆ చట్టాన్ని దాటిన అనుభవాలూ ఊరూరా ఉన్నాయి. అనుసరణకు ఇంత దగ్గరగా, ఇంత పదునుగా దొరికిన స్థానిక చరిత్రను ‘నారప్ప’ అందిపుచ్చుకోలేదు. కన్నమ్మ చెప్పుల ఘట్టం అవమానాన్ని కళ్లకు కడుతుంది. కాని ఆ అవమానానికి ఆధారమైన భూస్వామ్యం ఏ చట్టం కింద, ఏ పట్టా మీద నడిచిందో చెప్పవలసిన చోట కథ పేదా పెద్దల తగాదాగా పలచబడుతుంది.

ఇదే జిల్లా దళిత జీవితం మీద చిలుకూరి దేవపుత్ర ‘పంచమం’ నవల ఉంది. సీమ చరిత్రను అట్టడుగు కులాల వైపు నుండి చూసిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అయినా అనంతపురం దళితుని కథను తెలుగు తెరకు తేవడానికి తమిళ విజయం పూచీ పడవలసివచ్చింది. చందా వేదికల వల్ల నిర్మాతకు సాహసం వచ్చిందన్న వాదం ఇక్కడ తేలిపోతుంది. ‘నారప్ప’ హాళ్ల కోసం తలపెట్టిన చిత్రం. 2020 జనవరిలో చిత్రీకరణ మొదలై, కరోనాలో చిక్కి, వేదిక మారింది. దాని జాగ్రత్తలన్నీ హాలు కాలపు జాగ్రత్తలే. తెర మారినంత మాత్రాన కథ ధైర్యం తెచ్చుకోదు.

5. బొమ్మ ఎక్కడ పడింది

2021 వేసవి తరువాత, హాళ్లు తెరిచే దశలో పెద్ద చిత్రాలు ఓటీటీకి పోవడాన్ని తెలంగాణ ప్రదర్శకులు బహిరంగంగా వ్యతిరేకించారు. ‘టక్ జగదీష్’ చుట్టూ అది వివాదమయింది. నిర్మాత నష్టం, ప్రదర్శకుని నష్టం, నటుని మనస్తాపం అన్నీ ఆ చర్చలోకి వచ్చాయి. కథ ఎవరి ఊరిదో ఆ ఊరి ప్రేక్షకుడు మాత్రం ఏ పక్షానా ప్రస్తావనకు రాలేదు.

అతడు సినిమా చూడలేదని కాదు. బెంగళూరు నుండి లాక్‌డౌన్‌లో ఇల్లు చేరిన వలస కూలీల జేబులో ఫోను ఉంది. ఒకరి చందా నలుగురి ఫోనులలో తిరిగింది. అంతకంటే ఎక్కువగా చౌర్య ప్రతులు తిరిగాయి. ఆ కాలంలో ప్రచారం పొందిన ఒక చౌర్య వెబ్‌సైటు తనకు ‘ఐబొమ్మ’ అని పేరు పెట్టుకోవడం గమనించదగినది. టూరింగ్ టాకీసు నాటి నుండి పల్లె ప్రేక్షకుడు సినిమాను పిలిచిన పేరు ‘బొమ్మ’. చట్టబద్ధమైన వేదికలు వదిలేసిన ఆ మాటను చట్టవిరుద్ధమైనది ఏరుకున్నది. దానివల్ల చౌర్యం సమర్థనీయం కాదు. కాని ఎవరు ఎవరి భాషలో ఎవరిని పిలిచారన్నది సాహిత్య విమర్శకు సంబంధించిన ప్రశ్నే. చందా లెక్కలలో ఈ చూపులేవీ నమోదు కావు. ఏ ప్రాంతం ఏమి చూసిందో, ఎక్కడ ఆపివేసిందో వేదిక తన దగ్గరే దాచుకుంటుంది. ఒకప్పుడు వందరోజుల బోర్డు అబద్ధమైనా ఊరి గోడ మీద ఉండేది. దానిని పదిమంది చూసి కాదనగలిగేవారు.

‘నారప్ప’ హాలు తెరను చూసినది 2022 డిసెంబరు 13న, వెంకటేశ్ పుట్టినరోజు సందర్భంగా, ఒక్కరోజు ప్రదర్శనగా. అభిమానులు ఈలలు వేసిన ఆ ఒక్కరోజు ఆట తార కోసం వేసినది. ఏ పల్లె మాటను ఆ తార పలికాడో ఆ పల్లెలకు అది అప్పటికే ఏడాదిన్నర పాత బొమ్మ.