చీటీ లేని మొక్క

ఆదోని ఎండలు చూసినవాళ్ళెవరైనా ఇక్కడ మొక్కలు ఎండబెట్టడం ఏం కష్టం అనుకుంటారు. ఎండలో పెడితే మొక్క మాడుతుంది, అంతే. రంగు పోయి, ఆకు ముట్టుకుంటే పొడి అవుతుంది. మొక్కలను ఎండబెట్టి దాచే హెర్బేరియానికి నీడే కావాలి. పాత దినపత్రికల మడతల్లో మొక్కను పరిచి, పైనా కిందా చెక్కపలకలు పెట్టి, తాడుతో బిగించాలి. మొదటి నాలుగు రోజులూ కాగితాలు మారుస్తూ ఉండాలి. (చదివేశాక ఈ కాలమ్ దేనికి పనికొస్తుందో ఇప్పుడు తెలిసిందిగా.) మా కొండరాళ్ళ సందుల్లో మొలిచే కుందేటి కొమ్ములు మాత్రం ఓ పట్టాన లొంగవు. కాండమంతా నీళ్ళే కాబట్టి, కాగితాల మధ్య నొక్కిపెట్టినా వారాల తరబడి పచ్చగానే ఉంటాయి. కాగే నీళ్ళలో ముంచి తీస్తేగానీ దారికి రావు.

ఈ కొమ్ముల్లో ఒక రకానికి బౌసెరోసియా అనే ప్రజాతిని కల్పించిన ఇద్దరిలో ఒకడు రాబర్ట్ వైట్. రెండోవాడు ఆయన స్నేహితుడు వాకర్ ఆర్నాట్. నన్నారి షర్బత్‌కు చాలాచోట్ల వాడే గడ్డల తీగకు డెకాలెపిస్ హామిల్టోనీ అని పేరు పెట్టిందీ వీళ్ళే. రెండూ 1834 నాటి మాటలు.

వైట్ స్కాట్లాండువాడు. 1796లో పుట్టి, వైద్యం చదివి, 1819లో కంపెనీ సర్జన్‌గా మద్రాసు వచ్చాడు. జీతం రోగులను చూసినందుకు, ధ్యాసంతా మొక్కల మీద. 1831లో సెలవు మీద స్వదేశం వెళ్తూ లక్ష దాకా నమూనాలు వెంట తీసుకుపోయాడు. వాటి బరువు రెండు టన్నులట! తిరిగి వచ్చాక బళ్ళారి పటాలంలో సర్జన్‌గా వేశారు. ఆ పటాలంతోనే పాళయంకోట దాకా సుమారు 700 మైళ్ళు సాగాడు. మన ఆదోని తాలూకా అప్పట్లో బళ్ళారి జిల్లాలోదే, 1953లోగానీ కర్నూలులో కలవలేదు. బళ్ళారిలో ఆయన కంటబడిన రాళ్ళగుట్టలూ నల్లరేగడీ మనవాటికి వేరు కావు.

అంత కష్టపడి కూడబెట్టిన నమూనాల్లో నన్ను బాధపెట్టేది ఒకటే, చీటీలు. 1866-67లో లండన్ దగ్గరి క్యూ తోట నుంచి ఆయన నమూనాలను నలుదిక్కులకూ పంచారు. వాటికి అంటించిన అచ్చు చీటీల మీద భారత ద్వీపకల్పం అని ఉంటుంది. చాలావాటి మీద ఊరు లేదు, వాగు లేదు. గుట్ట మీదదో చేనిదో తెలియదు. వైట్ జీతమిచ్చి మొక్కలు ఏరించేవాడు. ముళ్ళు గుచ్చుకుంది ఆ ఏరిన మనుషులకే, చీటీ మీద కనబడనిదీ వాళ్ళే.

వైట్ కోసం మొక్కల బొమ్మలు గీసినవాళ్ళు ఈ విషయంలో అదృష్టవంతులు. మొదట రంగయ్య, తర్వాత గోవిందు. 1838 నుంచి 1853 దాకా ఆరు సంపుటాలుగా వెలువడిన వైట్ గ్రంథం ‘ఐకోన్స్’లో రెండు వేలకు పైగా చిత్రాలున్నాయి, వాటిలో చాలావాటి అడుగున చిత్రకారుల పేర్లు అచ్చయ్యాయి. వైట్ ఒక ఆర్కిడ్‌కు గోవిందూయియా అని కూడా పేరు పెట్టాడు. తర్వాతివాళ్ళు దాన్ని ట్రోపిడియాలో కలిపేసి ఆ పేరు తీసేశారు. శాస్త్రం ప్రకారం సబబే కావచ్చు, నాకు మాత్రం మనసొప్పలేదు.

1842 నుంచి పదకొండేళ్ళు వైట్ కోయంబత్తూరులో అమెరికా పత్తిని మన నేలకు అలవాటు చేయాలని చూశాడు. అనుకున్నంత ఫలితం రాలేదు. కానీ ఈ రోజు ఆదోని యార్డుకు వెళ్ళి చూడండి, రాశులు పోసిన పత్తి దాదాపు అంతా ఆ అమెరికా జాతి సంకరమే. బళ్ళారి, ఆదోని వైపు పండి, వ్యాపారుల నోట వెస్టర్న్స్‌గా పేరుపడిన పొట్టి పింజ నాటు పత్తి ఎక్కడుందో వెతుక్కోవాలి.

అలాంటి మొక్క ఏ గట్టు మీదైనా మిగిలి ఉంటే నాకు కబురు చేయండి. ఆకు, పువ్వు, కాయ మూడూ ఉన్న కొమ్మ ఒక్కటి చాలు. షీటు 28 సెంటీమీటర్ల వెడల్పు, 42 పొడవు ఉంటుంది, అందులో పట్టాలి. ఎమ్మిగనూరు మగ్గాల నూలుతో కుడతాను. చీటీ మీద ఊరు, చేను, తేదీ రాసి, సేకరించినవారి గడిలో మీ పేరే పెడతాను.