కారు పలికే దోష సంకేతాలు : ఒక విమర్శ

ఆధునిక మోటారు కారులో చోదకుని ఎదుట ఉండే పలకమీద ఇంజను బొమ్మగల పసుపువన్నె దీపం ఒకటి ఉంటుంది. అది వెలిగినప్పుడు కొందరు భయపడి బండిని దారిలోనే ఆపివేస్తారు. మరికొందరు బండి నడుస్తూనే ఉన్నది కదా అని నెలల తరబడి దానిని లెక్కచేయరు. ఇందుకు వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ దీపం చెప్పేదే అంత తక్కువ.

ఈ లోపానికి మూలం దీపం పుట్టుకలోనే ఉన్నది. ఇంజను తన్ను తాను పరీక్షించుకొనే ఏర్పాటు ఉండవలెనని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1988 నమూనా కార్లతో నిర్బంధం మొదలుపెట్టింది. దాని రెండవ రూపం, 16 సూదుల సాకెట్టుతో సహా, 1996 నమూనాల నుండి అమెరికా కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. మన దేశంలో భారత్ స్టేజి 4 నిబంధనల క్రింద 2010లో మొదటి దశ, 2013లో రెండవ దశ వచ్చాయి. అన్నిచోట్లా ఉద్దేశం ఒక్కటే: పొగగొట్టం నుండి వచ్చే విషవాయువులు హద్దు మీరకుండా చూడటం. అంటే ఈ దీపం ఊరిగాలి క్షేమం కోరి పుట్టినదే గాని, బండి యజమాని సౌకర్యం కోరి కాదు. అమెరికా కార్లలో పెట్రోలు టాంకు మూత వదులైనా ఇదే దీపం, ఇంజను సగం బలం కోల్పోయినా ఇదే దీపం. ఒక్క భేదం మాత్రం అది చూపగలదు. సిలిండరులో ఇంధనం సరిగా అంటుకొనక, పొగను శుద్ధిచేసే కాటలిటిక్ కన్వర్టరుకే ముప్పు వచ్చినప్పుడు మిణుకుమిణుకుమంటుంది. ఆ తేడా ఎందరికి తెలుసు?

దీపం వెనుక సంకేతం ఉన్నది. సాకెట్టుకు పరికరం తగిలిస్తే 'పి 0171' వంటి ఐదు అక్షరాల మాట కనిపిస్తుంది. 'పి' అంటే ఇంజను, గేరుపెట్టెల విభాగం. 0 అంటే అన్ని కంపెనీలకూ సామాన్యమైన సంకేతం. 1 అంటే గాలినీ ఇంధనాన్నీ కొలిచే భాగం. భాష పొందికగానే ఉన్నది. చిక్కు దానిని చదివే తీరులో ఉన్నది. ఈ సంకేతానికి 'మిశ్రమంలో పెట్రోలు తక్కువ' అని మాత్రమే అర్థం. దానిని 'ఆక్సిజన్ సెన్సరు మార్చవలెను' అని చదివే అలవాటు వర్కుషాపులలో లేకపోలేదు. కబురు తెచ్చినవానిని దండించడం వంటిదే ఇది.

లెక్కవేసి చూస్తే సంగతి తేటపడుతుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. వచ్చే గాలిని కొలవడానికి చాల కార్లలో వేడిచేసిన సన్నని తీగ ఉంటుంది. గాలి వీచినకొద్దీ తీగ చల్లబడుతుంది. దాని వేడిని నిలపడానికి పట్టే విద్యుత్తును బట్టి కంప్యూటరు గాలిని లెక్కగడుతుంది. తీగమీద దుమ్ము పేరుకొన్నదనుకొందాము. అది సరిగా చల్లబడదు. 14.7 గ్రాముల గాలి వస్తే 12 గ్రాములే వచ్చినదని చెబుతుంది. కంప్యూటరు దానిని నమ్మి 0.82 గ్రాముల పెట్రోలే పంపుతుంది. నిష్పత్తి 18 దాకా పోతుంది, బండి బలం తగ్గుతుంది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు మండకుండా మిగిలిన ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నదని నిజమే చెబుతుంది. కంప్యూటరు పెట్రోలును సుమారు 22 శాతం పెంచి సర్దబోతుంది, సవరణ హద్దు దాటేసరికి దీపం వెలిగిస్తుంది. నిజం చెప్పిన సెన్సరును మార్చివేస్తే, అబద్ధం చెప్పినది అక్కడే ఉండిపోతుంది!

ఇదే సంకేతం గొట్టం చిట్లి, కొలతకు రాని గాలి ఇంజనులో చొరబడినప్పుడూ వస్తుంది. రెండింటినీ వేరుచేసే ఉపాయం ఉన్నది. చిట్లు వలన వచ్చే తేడా ఇంజను నిలకడగా తిరుగుతున్నప్పుడు హెచ్చుగా ఉండి, వేగం పెంచితే తగ్గుతుంది. మురికితీగ తేడా గాలి ఎక్కువగా పారేటప్పుడు పెరుగుతుంది. దోషం కనిపించిన క్షణాన ఇంజను వేగమెంత, భారమెంత అన్న వివరాలను కంప్యూటరు భద్రపరుస్తుంది కూడా. ఈ ఏర్పాటులో మిక్కిలి మెచ్చుకోదగినది అదే, చదివేవారు తక్కువ.

ఇక ఉన్నట్టుండి బలం తగ్గిపోవడం. నేటి కార్లలో ఆక్సిలరేటరు పెడలుకూ ఇంజనుకూ మధ్య ఇనుపతీగ లేదు. పెడలులోని రెండు సెన్సర్లు కంప్యూటరుకు వోల్టేజీలు పంపుతాయి. చాల కార్లలో ఒకటి రెండవదానికి రెట్టింపు: మొదటిది 2 వోల్టులు చెబితే రెండవది 1 చెప్పవలెను. రెండవది 0.7 చెబితే 'పి 2138', అనగా రెండింటికీ పొత్తు కుదరడం లేదన్నమాట. గోడమీద రెండు గడియారాలు వేర్వేరు వేళలు చూపితే ఒకటి తప్పని తెలుస్తుంది గాని, ఏది తప్పో తెలియదు. కంప్యూటరుదీ అదే స్థితి. అందువలన అది ఏ సాక్షినీ పూర్తిగా నమ్మక, ఇంజను బలాన్ని కావాలనే తగ్గించుతుంది. బండి తనంతట తాను దూకడం కన్న కుంటుతూ నడవడం మేలు. ఈ నిర్ణయాన్ని తప్పుపట్టలేము.

తప్పుపట్టవలసినది మౌనాన్ని. లారీని దాటబోతున్న చోదకునికి బలం పోయిన తరువాత దీపం కనిపిస్తే ఏమి లాభం? 'బలం తగ్గించబడినది' అని అక్షరాలలో చూపే కార్లు కొన్ని ఉన్నాయి, అదైనా నయమే. ఇక సంకేతం కూడా పెడలు చెడినదని చెప్పలేదు. ప్లగ్గులో చిలుము పట్టినా, భూమితీగ వదులైనా రెండు వోల్టేజీల పొత్తు చెడవచ్చు. నిరోధం గుండా విద్యుత్తు ప్రవహిస్తే వోల్టేజీ పడిపోతుందని ఉన్నత పాఠశాల విద్యార్థి ఎరుగును. పెడలు కొనడానికి ముందు మల్టీమీటరుతో ఆ రెండు తీగలనూ కొలిచి చూడటానికి పది నిమిషాలు చాలును.

బాటరీ తీగ విప్పి దీపాన్ని ఆర్పే పద్ధతి ఒకటి ఉన్నది. అన్నిటికన్న చెడ్డది అదే. చాల కార్లలో దానితో సంకేతమూ, ఆ క్షణపు వివరాలూ తుడిచిపెట్టుకుపోతాయి. దోషం మాత్రం ప్లగ్గులోనే ఉంటుంది. దీపం మళ్ళీ వెలగడానికి కొన్ని దోషాలకు రెండు ప్రయాణాలు పడతాయి. ఆలోగా బండి యజమాని మెకానిక్కుకు డబ్బు చెల్లించి ఇంటికి చేరుకొంటాడు.